హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టు నుంచి సమన్లు వచ్చినాయి, అనంతపురంలో ఉన్న మా చెల్లెలు ఏం చేయాల?

పెన్నాగట్టు:

అందరికీ నమస్తే. లాయర్లు గానీ, ఇట్లా కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు గానీ ఉంటే కొంచెం చెప్పండి, ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు. మా చెల్లెలికి తాడిపత్రిలో పెళ్లి చేసినాం, ఆరేండ్లాయె. బావ హైదరాబాద్‌లో ప్రైవేట్ కంపెనీలో చేస్తాడు, కాపురం అంతా అక్కడే. పోయినేడు ఉగాదికి చెల్లెల్ని, నాలుగేండ్ల పాపను అనంతపురంలో మా ఇంట్లో దింపి పోయినాడు, మళ్లీ తీసకపోవడానికి రాలేదు, ఫోన్ చేస్తే ఇయ్యాల రేపు అన్నాడు, తర్వాత ఎత్తడమే మానేసినాడు. పెద్దమనుషులు పంచాయితీకి కూర్చుని, 3 లక్షలు ఇచ్చేట్టు, ఇంగ ఎవరి దారి వాళ్లు చూసుకునేట్టు బాండ్ పేపర్ మీద రాసి ఇద్దరి చేత సంతకాలు పెట్టించినారు. ఆ డబ్బు కూడా రాలేదు.

ఇప్పుడు హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టు నుంచి రిజిస్టర్ పోస్టులో కవర్ వచ్చింది. చెల్లెలు పాపను స్కూల్లో దింపడానికి పోయింటే మా నాయన సంతకం పెట్టి తీసుకున్నాడు. చదివితే విడాకుల పిటిషన్. తనంతట తనే ఇల్లు వదిలిపోయిందంట, అతన్ని మానసికంగా హింస పెట్టిందంట, అన్నీ తిరగేసి రాసినాడు. వాయిదా వచ్చే నెలలో ఉండాది.

మా డౌట్లు ఏమంటే, పోకపోతే కేసు కొట్టేస్తారని కొందరంటారు, పోకపోతే విడాకులు ఇచ్చేస్తారని కొందరంటారు, ఏది నిజం? కేసు అనంతపురానికి తెచ్చుకోవచ్చా? ఫ్యామిలీ కోర్టులో లాయర్లను రానీయరంట, మరి మా పిల్ల ఒక్కతే నిలబడి ఏం మాట్లాడుతాది? ఆ బాండ్ పేపర్‌తో విడాకులు అయిపోయినట్టేనా? అన్నిటికన్నా భయం పాప గురించి, అతను తీసకపోతాడా? నాయనకు బీపీ, నాకు షాపు ఉండాది, ప్రతి వాయిదాకు రాత్రి బస్సెక్కి హైదరాబాద్ పోయి రావాలంటే మా వల్ల కాదు. దయచేసి చెప్పండి.

రాయలసీమబిడ్డ:

అన్నా, కవర్ తీసుకోకుండా రిటర్న్ కొట్టించింటే బాగుండేది. మా వైపు అట్లే చేస్తారు, సమన్లు అందకపోతే కేసు ముందుకు పోదు. ఇప్పటికైనా మీ నాయన సంతకం చెల్లదు అని చెప్పండి.

క్లాక్‌టవర్:

పై సలహా దయచేసి పాటించొద్దండి. నేను అనంతపురంలోనే ప్రాక్టీస్ చేస్తా, ఈ ఒక్క మాట విని కొంపలు మునిగిన ఆడపిల్లలను చానామందిని చూసినా. సమన్లు తీసుకోను అని వెనక్కి పంపితే అందినట్టే లెక్క, సివిల్ కేసులు ఎట్లా నడపాలో చెప్పే చట్టం సీపీసీలోనే ఉంది ఆ రూలు. ఇంటికి తాళం వేసి దొరక్కుండా తిరిగితే పేపర్ ప్రకటన వేయిస్తారు, ఆ పేపర్ మీ కంట పడదు, ఎక్స్‌పార్టీ అయిపోతుంది. అంటే అవతలాయన తన సాక్ష్యంగా చీఫ్ అఫిడవిట్ ఒకటి వేసి, అడిగేవాళ్లు లేక క్రాస్ (ఎదురు ప్రశ్నలు) కూడా లేకుండా డిక్రీ తెచ్చుకుంటాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టించాలంటే ఆర్డర్ 9 రూల్ 13 కింద 30 రోజుల్లో పిటిషన్ వేయాల, ఎందుకు రాలేదో కారణం నమ్మించాల. ఆ లోపల అపీలు గడువు కూడా దాటి అతను ఇంకో పెళ్లి చేసుకుని ఉంటే మీ పని ఎంత కష్టమో ఊహించుకోండి. మీ చెల్లెలు ఇంట్లో లేనప్పుడు అదే ఇంట్లో ఉండే పెద్దవాళ్లు తీసుకున్న సమన్లను కోర్టులు మామూలుగా ఒప్పుకుంటాయి, దాని మీద కొట్లాడి టైం పోగొట్టుకోకండి. పోకపోతే కేసు కొట్టేస్తారు అనేది పిటిషన్ వేసినవాడికి, అతను రాకపోతే కొట్టేస్తారు. మీరు రాకపోతే జరిగేది ఎక్స్‌పార్టీ.

కాబట్టి మొదటి వాయిదాకు హాజరు పడి తీరాల. లాయర్‌ను పెట్టుకుని, మీ తరఫున నిలబడే అధికారం ఇచ్చే వకాలత్ వేయండి, పిటిషన్‌తో పాటు ఇచ్చిన డాక్యుమెంట్లు అన్నీ కవర్లో వచ్చినాయో లేదో చూసుకోండి, లేకపోతే కాపీలు అడిగి కౌంటర్‌కు, అంటే మీ జవాబుకు, టైం తీసుకోండి. కౌంటర్ సమన్లు అందిన 30 రోజుల్లో వేయాల, కారణం చూపిస్తే 90 రోజుల దాకా ఇస్తారు, అట్లని చివరి రోజు దాకా లాగొద్దు. ఇంకోటి, అతను వదిలిపోయింది అనే కారణం మీద కూడా వేసింటే, హిందూ వివాహ చట్టంలో ఆ కారణానికి పిటిషన్ వేసే నాటికి వరసగా 2 ఏళ్లు దాటి ఉండాల. మీరు చెప్పే ఉగాది లెక్క ప్రకారం 2 ఏళ్లు కాలేదు. కౌంటర్లో ఇది మొదట్లోనే గట్టిగా రాయించండి, ఎవరు దింపి పోయినారు, ఫోన్ ఎవరు ఎత్తలేదు అనేది తేదీలతో రాయించండి.

ఇంక కేసు ఇక్కడికి తెచ్చుకోవడం. భార్యాభర్తలు చివరిగా కలిసి ఉన్న చోట వేయచ్చు కాబట్టి హైదరాబాద్‌లో వేయడం తప్పు కాదు, ఆ కోర్టుకు పవర్ లేదు అని కొట్లాడలేరు. ట్రాన్స్‌ఫర్ ఒక్కటే దారి. తెలంగాణ నుంచి ఆంధ్రాకు మార్చాలంటే మన హైకోర్టుకు గానీ వాళ్ల హైకోర్టుకు గానీ అధికారం లేదు, సీపీసీ 25 కింద సుప్రీంకోర్టులోనే ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాల. అదే కర్నూలు నుంచి అనంతపురానికి అయితే సీపీసీ 24 కింద మన హైకోర్టు చేసేది. సుప్రీంకోర్టు అనగానే భయపడొద్దు, అక్కడ కూడా ఆడవాళ్లకు లీగల్ సర్వీసెస్ కమిటీ ద్వారా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, మామూలుగా మనిషి ఢిల్లీకి పోవాల్సిన పని పడదు. ఇట్లాంటి కేసుల్లో భార్య ఇబ్బందినే ఎక్కువగా చూడాలని 2022లో ఎన్.సి.వి. ఐశ్వర్య కేసులో కూడా చెప్పినారు. చిన్న పాప ఉంది, సంపాదన లేదు, తోడు వచ్చేవాళ్లు లేరు, ఇక్కడ ఇంకో కేసు నడుస్తోంది, ఇవన్నీ అందులో పనికొచ్చే కారణాలు. అయితే ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేసినంత మాత్రాన హైదరాబాద్ కేసు ఆగదు, స్టే వచ్చేదాకా అక్కడ వాయిదాలకు మనిషి నిలబడాల్సిందే.

ఇక్కడ చానామంది పడే గుంత ఒకటి ఉంది. అతను అక్కడ వేసినాడు కదా అని మీరు అనంతపురంలో ఎదురు విడాకుల కేసు వేస్తే, హిందూ వివాహ చట్టం సెక్షన్ 21ఏ ప్రకారం తర్వాత వేసిన కేసు మొదట వేసిన కోర్టుకే పోతుంది, అంటే మీ కేసును మీరే హైదరాబాద్ పంపించుకున్నట్టు. దాని బదులు మనోవర్తి కేసు ఇక్కడ వేయండి. పాత సీఆర్పీసీ 125 సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది. భార్య ఎక్కడుంటే అక్కడ వేయచ్చు, మీరు టౌన్‌లోనే ఉన్నారు కాబట్టి అనంతపురం ఫ్యామిలీ కోర్టులోనే ఎంసీ (మనోవర్తి కేసు) కింద నంబర్ అవుతుంది. పాప పేరు కూడా పిటిషనర్‌గా చేర్చండి, తల్లికి ఇవ్వాలా వద్దా అని ఎంత వాదించినా బిడ్డకు ఇవ్వను అని ఏ తండ్రీ అనలేడు. గృహహింస చట్టం కింద కూడా ఇక్కడి మేజిస్ట్రేట్ దగ్గర వేసే వీలుంది, అది అవసరమా కాదా అనేది జరిగింది విన్నాకే చెప్పగలను.

దేవునిగడప:

తమ్ముడూ, నేను కడపలో ఈ బాధ పడి బయటపడినదాన్ని. చట్టం సంగతి పైన సార్ చెప్పినారు, నేను చెల్లెలు లోపలికి పోయినాక యట్లా ఉంటాదో చెప్తా, తెలియకనే సగం భయం.

పొద్దున 10:30కి కాల్ వర్క్, అంటే కేసులు పిలవడం, మొదలవుతాది. పేరుతో కంటే నంబర్‌తోనే ఎక్కువ పిలుస్తారు, కాబట్టి కేసు నంబర్ నోటికి రావాల. పిలిచినప్పుడు టీకి పోయినామనో, వరండాలో ఉన్నామనో అనడానికి ఉండదు, లోపల బెంచీ మీద కూర్చోండి. పిలిస్తే లేచి చేతులు కట్టుకోవాల్సిన పని లేదు, ముందుకు పోయి నిలబడి నేనే సార్ అంటే చాలు. బెంచ్ క్లర్క్ డైరీలో రాసుకునే తేదీని ఆడనే అడిగి మన నోట్‌బుక్‌లో కూడా రాసుకోవాల, బయటికి వచ్చినాక జూనియర్ లాయర్‌ను అడుగుదాంలే అంటే కుదరదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకు ఇచ్చే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్ కొడితే వాయిదా ఎప్పుడు, ఎందుకోసం అనేది ఇంట్లోనే కనపడుతాది, చెల్లెలి ఫోన్లో ఇప్పుడే ఎక్కించండి.

తర్వాత రాజీ కోసం కౌన్సెలింగ్‌కు పంపుతారు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలో మొదట రాజీకి ప్రయత్నం చేయాలనే ఉంది, అది కోర్టు డ్యూటీ. దాన్ని ఊరి పంచాయితీ లాగ అనుకోవద్దు. నన్ను కూర్చోబెట్టి అడిగినామె ఓపిగ్గా విన్నది, మొదటిసారి నా మాట మధ్యలో ఎవరూ అడ్డం రాకుండా చెప్పుకున్నది ఆ చిన్న రూములోనే. ఒక టేబుల్, మూడు కుర్చీలు, గోడకు పిల్లల బొమ్మలు, మా వాడు వాటిని చూసుకుంటా ఉండిపోయినాడు. చెల్లెలికి చెప్పండి, మళ్లీ కలిసి ఉండాలని మనసులో ఉంటే ఉందని చెప్పమని, లేకుంటే లేదని చెప్పమని. అన్న ఏమనుకుంటాడో, నాయన పరువు ఏమైతుందో అని ఆడ కూర్చుని ఆలోచించొద్దు. ఎవరన్నా తొందర పెట్టి పేపర్ మీద సంతకం పెట్టమంటే చదివి, కాపీ తీసుకుని, లాయర్‌కు చూపించి పెట్టాల.

అందరి ముందర సంసారం విషయాలు చెప్పాలంటే సిగ్గు అనిపిస్తే, ఇన్ కెమెరాలో విచారించమని ఒక పిటిషన్ వేస్తే చాలు. ఇద్దరిలో ఒక్కరు అడిగినా కోర్టు ఒప్పుకోవాల్సిందే, అదే ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 11. హాల్లో సంబంధం లేనోళ్లను బయటికి పంపించి తలుపేస్తారు. నా క్రాస్ అట్లే జరిగింది, నేను ధైర్యంగా చెప్పగలిగింది దాని వల్లనే.

లాయర్లను రానీయరు అనేది కూడా సగం మాటే. సెక్షన్ 13లో లాయర్ హక్కుగా రాకూడదు అని ఉండాది, అనుమతి అడిగితే ఇస్తారు, అందరూ అట్లే పెట్టుకుంటారు. కానీ మనం కూడా మాట్లాడచ్చు, జడ్జి గారు నేరుగా అడిగితే లాయర్ వైపు చూడకుండా చెల్లెలే జవాబు చెప్పాల. ఆ చట్టం తెచ్చిందే మనలాంటోళ్లు నోరు తెరవడానికి.

కొండారెడ్డిబురుజు:

కర్నూలు నుంచి. మా ఖాలా (చిన్నమ్మ) కూతురి కేసు చూసినా కాబట్టి రెండు ముక్కలు. ముస్లింలు ఎవరైనా ఇది చదువుతాంటే, తలాక్ అయిపోయింది కదా ఇంగ మనోవర్తి రాదు అనే మాట నమ్మొద్దు. 2024 జూలై 10న సుప్రీంకోర్టు అబ్దుల్ సమద్ కేసులో, అది తెలంగాణ నుంచి పోయిందే, విడాకులైన ముస్లిం ఆడవాళ్లు కూడా 125 కింద అడగచ్చని తేల్చి చెప్పింది. మా పిల్లకు ఇద్దత్ (తలాక్ తర్వాత ఆగాల్సిన గడువు) అయిపోయినాక ఏమీ రాదు అని మా ఇంట్లోవాళ్లే చెప్పి ఊరికే కూర్చోబెట్టినారు, పాపం చానా రోజులు మిషన్ కుట్టి బిడ్డల్ని సాకింది.

రెండోది పెన్నాగట్టు అన్నకు. మీ బావతో మాట్లాడిన ఫోన్ రికార్డింగులు, వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే డిలీట్ చేయొద్దు, ఫోన్ మార్చొద్దు. భార్యాభర్తల ఫోన్ రికార్డింగులు విడాకుల కేసుల్లో పెట్టచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్యామిలీ కోర్టు సాక్ష్యం విషయంలో మామూలు కోర్టు అంత బిగుసుకుని ఉండదు, కేసు తేల్చడానికి పనికొస్తుంది అనుకుంటే తీసుకుంటాది.

పెన్నాగట్టు:

అక్కా, సార్, అన్నా, మీకు చానా రుణపడి ఉంటాం. చెల్లెలికి చదివి వినిపించినా, ఇన్ కెమెరా మాట విన్నాక కొంచెం తెరిపిన పడింది. ఇంకా కొన్ని అడుగుతా, ఏమీ అనుకోవద్దు. బాండ్ పేపర్ గురించి ఎవరూ చెప్పలేదు. బావ జీతం ఎంతో మాకు ఖచ్చితంగా తెలీదు, తక్కువ చూపిస్తే ఏం చేయాల? హైదరాబాద్ పోయి వచ్చే ఖర్చు అడగచ్చా? పాప సంగతి కూడా.

క్లాక్‌టవర్:

బాండ్ పేపర్‌తో విడాకులు కావు. కులంలో ఎప్పటినుంచో నడుస్తున్న ఆచారం ప్రకారం విడాకులు అంటే చట్టం గుర్తిస్తుంది, కానీ ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాల, ఊరికే నలుగురు కూర్చుని రాసుకున్నది దాని కిందికి రాదు. మనోవర్తి అడగను అని అందులో రాసిచ్చినా దాంతోనే మీ చెల్లెలి హక్కు పోదు. అయినా ఆ పేపర్ జెరాక్స్ దాచండి, ఆయన 3 లక్షలు ఇస్తానని ఒప్పుకున్నాడు అనేది, పంపించేయాలని ఎవరు చూసినారు అనేది దాంట్లోనే కనపడుతుంది.

జీతం గురించి. 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్ వేయాల్సిందే, మనోవర్తి ఏ చట్టం కింద అడిగినా సరే. జీతం స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్‌లు, ఈఎంఐలు అన్నీ అందులో రావాల. సేద్యం చేసేవాళ్లకు వేరే నమూనా ఉంది, కాబట్టి ఆయనకు ఊర్లో పొలం ఉంటే అది కూడా అడగచ్చు. అబద్ధం రాస్తే ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టే, దానికి వేరే చర్య ఉంది. కంపెనీ నుంచి జీతం సర్టిఫికెట్ తెప్పించమని కూడా పిటిషన్ వేయచ్చు. మీ చెల్లెలు కూడా అదే అఫిడవిట్ వేయాల, ఇక్కడ మాత్రం ఒక మాట. టైలరింగ్ మీదో, ట్యూషన్ మీదో నెలకు కొంత వస్తుంటే దాచిపెట్టొద్దు, క్రాస్‌లో బయటపడితే మిగతా నిజాలు కూడా నమ్మరు. చిన్న సంపాదన ఉన్నంత మాత్రాన మనోవర్తి రాకుండా పోదు.

హైదరాబాద్ కేసులోనే హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద ఐఏ (మధ్యంతర పిటిషన్) వేసి, ఆ కేసు నడిచినన్ని రోజులు నెల ఖర్చు, లాయర్ ఫీజు, దారి ఖర్చులు అడగండి. నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, వీలైనంత వరకు అన్నారు కాబట్టి ఆలస్యం అవుతుంది, మెమో వేసి గుర్తు చేస్తుండాల. ఇక్కడి ఎంసీలో కూడా మధ్యంతర మనోవర్తికి అదే 60 రోజులు. రెండు చోట్లా ఆర్డర్ వస్తే ఒకదాని సంగతి ఇంకోదాంట్లో చెప్పాల, రెండూ కలిపి సర్దుతారు. ఇంకోటి గుర్తుంచుకోండి, మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలని ఆ రజనీష్ తీర్పులోనే చెప్పినారు, అందుకే రాజీ అవుతుందేమో చూద్దాం అని ఎంసీ వేయడం వాయిదా వేయొద్దు. వేసినా రాజీకి తలుపులు మూసుకోవు. ఆర్డర్ వచ్చి ఆయన కట్టకపోతే ఆ నెల డబ్బు బాకీ పడిన తేదీ నుంచి ఏడాది లోపల వసూలు పిటిషన్ వేయాల, ఏడాది దాటిన బాకీకి ఆ దారిలో వారంట్ రాదు. దీని కింద జైలుకు కూడా పంపుతారు.

పాప విషయంలో అంత భయం అక్కర్లేదు. 5 ఏళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోనే ఉంది, ఆ తర్వాత కూడా పిల్ల మంచి ఏది అనేదే కోర్టు చూస్తుంది. గార్డియన్ కేసు వేయాలన్నా పిల్ల మామూలుగా ఉండే చోటే వేయాల, అంటే అనంతపురంలో. పాప స్కూల్ అడ్మిషన్ కాగితం, టీకాల కార్డు జాగ్రత్తగా పెట్టండి, ఇక్కడే పెరుగుతోంది అనడానికి అవి పనికొస్తాయి. తండ్రి చూసుకోవడానికి అడిగితే పూర్తిగా వద్దు అనొద్దు, చూపించే రోజు, టైం కోర్టు పెడుతుంది.

ఖర్చు గురించి దిగులు పడొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా కోర్టు కాంపౌండ్‌లోనే లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. సమన్లు, పిటిషన్ కాపీ, పెళ్లి ఫొటో, శుభలేఖ, ఆధార్, పాప బర్త్ సర్టిఫికెట్ తీసుకుని పోండి. హైదరాబాద్‌లో కూడా అక్కడి అథారిటీ లాయర్‌ను ఇస్తుంది, ఇక్కడ నుంచే రాయించుకోవచ్చు.

దేవునిగడప:

సార్ చెప్పినదానికి ఒకటి చేర్చుతా. రేపు ఒకవేళ ఇద్దరూ ఒప్పుకుని హిందూ వివాహ చట్టం 13బి కింద విడిపోదాం అనే మాట వస్తే డబ్బు విషయం నోటి మాట మీద వదలొద్దు. మొదటి మోషన్‌కు (పిటిషన్ వేయడం), రెండో మోషన్‌కు (ఇద్దరూ మళ్లీ ఒప్పుకోవడం) మధ్యలో 6 నెలలు ఉంటాది, కొన్ని పరిస్థితుల్లో తగ్గించచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ అది అడిగి తెచ్చుకోవాల. రెండో మోషన్ రోజున కోర్టు ముందరే డీడీ చేతికి వచ్చినాకనే ఒప్పుకున్నా అని చెప్పాల, అప్పటిదాకా మనసు మార్చుకునే హక్కు చెల్లెలికి ఉంటాది. అట్లా ఒప్పుకుని తీసుకున్న డిక్రీ మీద అపీలు ఉండదు, అందుకే చెప్తాండా.

పెన్నాగట్టు:

అర్థమైందక్కా. సోమవారం లీగల్ సర్వీసెస్ ఆఫీసుకు పోతాం, ఎంసీ కూడా ఇక్కడే వేపిస్తాం. చివరిగా ఒకటి సార్, మొదటి వాయిదాకు పాపను కూడా హైదరాబాద్ తీసకపోవాలనా? అంత దూరం బస్సులో వాంతులు చేసుకుంటాది.

క్లాక్‌టవర్:

అక్కర్లేదు. పాపను తీసుకురమ్మని కోర్టు ఆర్డర్ వేస్తేనే తీసకపోండి. చెల్లెలు, తోడు ఒకరు, ఫైలు, అంతే. వకాలత్ మీద సంతకం మాత్రం ఇక్కడే పెట్టించి ముందు రోజే అక్కడి లాయర్‌కు అందేట్టు పంపండి, బస్సు లేటయినా కాల్ వర్క్‌లో ఆయన నిలబడతాడు.